అలవాట్ల యాప్‌కి ఆన్‌బోర్డింగ్, పేవాల్: ఎనిమిదో రోజు తిట్లు పడకుండా కట్టడం ఎలా

యాప్‌లో ఒక్క స్క్రీన్ కూడా గీయకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఫ్రీ ట్రయల్ అయిపోయాక మీ యూజర్‌కి బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ దాని మీద రాయండి. "మీ ఖాతా నుంచి ₹899 డెబిట్ అయింది." ఆ మెసేజ్ చదివే మనిషి మొహం ఊహించుకోండి. "ఆ, తెలుసులే, ఇవాళే కదా" అనుకుంటున్నాడా? "ఇదేంటి, ఎవరు కట్ చేశారు?" అని కంగారుపడుతున్నాడా? కొత్త యూజర్‌ని లోపలికి తీసుకొచ్చే మొదటి స్క్రీన్లు (ఆన్‌బోర్డింగ్), డబ్బు కట్టమని అడిగే స్క్రీన్ (పేవాల్) గురించి కింద చెప్పేవన్నీ ఆ మొదటి మాట అనిపించడం కోసమే.

మా పెదనాన్నగారు ఆ రెండో మాట అన్నారు. ధ్యానం నేర్పే యాప్ ఏదో వేసుకున్నారు. ఇరవై ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులిచ్చారు, "ఫ్రీ" అని ఉన్న బటన్ నొక్కారు, రెండు రోజులు కళ్ళు మూసుకుని కూర్చున్నారు, మూడో రోజు యాప్ తీసేశారు. తీసేస్తే అంతటితో అయిపోయిందనుకున్నారు. వారం తిరిగేసరికి డబ్బులు కట్ అయ్యాయి. నాకు ఫోన్ చేసి "ఒరేయ్, నా ఫోన్ ఎవడైనా హ్యాక్ చేశాడంటావా?" అని అడిగారు. నేను చేసేది కూడా అలాంటి స్క్రీన్లు గీసే ఉద్యోగమే. ఏం చెప్పాలో తోచక నీళ్ళు నమిలాను.

మనిషిని ఒప్పించడం తప్పని నేను అనను. పొద్దున్నే లేవాలని, ఇంగ్లీషు మాట్లాడాలని, బరువు తగ్గాలని అనుకునేవాళ్ళకి వెనక నుంచి ఒక తోపు కావాలి, దానికోసమే మన దగ్గరికి వస్తారు. ఎటు తోస్తున్నామన్నదే చూసుకోవాలి.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. రాత్రి వేళకి పడుకుని పొద్దున్నే లేవడం అలవాటు చేసే తెలుగు యాప్. నెలకి ₹149, ఏడాదికి ₹899, ఏడు రోజులు ఫ్రీ. దాన్ని ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ళలో అశోక్‌నగర్ రూములో ఉంటూ గ్రూప్స్‌కి చదివే కుర్రాడు ఉన్నాడు, మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే అమ్మాయి ఉంది, పిల్లల క్యారేజీల కోసం ఎలాగూ ఐదింటికే లేచే గృహిణి కూడా ఉంది.

ముందు రుచి, తర్వాత పేరు

యాప్ తెరవగానే ఫోన్ నంబరు, ఓటీపీ అడక్కండి. భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లో మొదటి పాఠం చేశాకే ఖాతా తెరవమని అడుగుతారు. ఖాతా అడగడం అలా వెనక్కి జరిపాక రోజూ వాడేవాళ్ళు సుమారు 20 శాతం పెరిగారని అక్కడ పనిచేసినవాళ్ళే చెప్పారు. కారణం మన స్వీటు షాపులో కనిపిస్తుంది. ముక్క నోట్లో పెట్టాకే కదా కిలో తూయమంటాం.

మన నిద్ర యాప్‌లో ఆ ముక్క ఏది? ఇది మీరు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. ధ్యానం యాప్ అయితే ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోమనొచ్చు, ఆ నిమిషంలోనే తేడా తెలుస్తుంది. నిద్రకి అలాంటి వెసులుబాటు లేదు, ఫలితం మర్నాడు పొద్దున గానీ తెలియదు. అందుకని మొదటి స్క్రీన్‌లో ఒకే పని చేయించండి: "రేపు ఎన్నింటికి లేవాలి?" అని అడిగి, ఆ టైముకి తగ్గట్టు ఇవాళ రాత్రి ఎన్నింటికి ఫోన్ పక్కన పెట్టాలో లెక్కకట్టి చూపించండి. పది సెకన్ల పని. పేరు చెప్పలేదు, రూపాయి కట్టలేదు, చేతిలో మాత్రం పనికొచ్చే సమాధానం ఒకటి పడింది. మిగతా మాటలన్నీ దీని తర్వాత.

ప్రశ్నలు అడిగితే బాకీ పడినట్టే

ఇలాంటి యాప్‌లన్నిటిలోనూ పొడుగాటి ప్రశ్నావళి ఇప్పుడు ఫ్యాషన్. బరువు తగ్గించే నూమ్ యాప్ దీనికి పేరుమోసింది, ఒకదాని తర్వాత ఒకటిగా పదుల కొద్దీ ప్రశ్నలు వస్తాయి. ఎందుకు పనిచేస్తుందో కనిపెట్టడం కష్టం కాదు. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు చూపించారు: చిన్న కోరికకి ఒప్పుకున్న మనిషి ఆ తర్వాత అడిగే పెద్ద కోరికకి కూడా ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఇరవై చిన్న "అవును"ల తర్వాత వచ్చే ఇరవై ఒకటో "అవును" దగ్గర ధర ఉంటుంది.

ఈ బలాన్ని వాడుకోండి, కానీ ఒక నియమం పెట్టుకుని. మీరు అడిగే ప్రతి ప్రశ్నకీ పక్కన ఇంకో గడి గీయండి: "ఈ జవాబు వల్ల తర్వాత ఏం మారుతుంది?" ఆ గడి ఖాళీగా ఉంటే ప్రశ్న కొట్టేయండి.

చూడండి. "మీకు షిఫ్ట్ డ్యూటీ ఉందా?" అని అడిగారు, మాదాపూర్ అమ్మాయి "ఉంది, నైట్" అని నొక్కింది. ఇక ఆ అమ్మాయి ప్లాన్‌లో "పొద్దున 5 గంటలకి లేవండి" అని కనబడకూడదు. కనబడిందా, మీ ప్రశ్నలన్నీ ఉత్త నాటకమని తేలిపోయినట్టే. ఆమెకి మధ్యాహ్నం లేచే టైము, కర్టెన్లు వేసుకోమనే సలహా, వారాంతంలో షిఫ్ట్ మారితే ఏం చేయాలో కావాలి. అది తయారుచేసే ఓపిక మీ టీముకి లేకపోతే ఆ ప్రశ్నే వద్దు. మొదటి స్క్రీన్‌లోనే "ఇది పగటి ఉద్యోగాలవాళ్ళకి" అని చెప్పేయండి. ఒక యూజర్ పోతాడు, పోనివ్వండి.

ప్రశ్నల మాట తీరు మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. "మీ ప్రాథమిక లక్ష్యాన్ని ఎంచుకోండి" అని రాస్తే పదో తరగతి పరీక్ష పేపరులా ఉంటుంది. "పొద్దున్నే లేవాలని ఎందుకు అనిపించింది?" అని అడగండి. కింద ఆప్షన్లు కూడా జనం నోటి మాటలే ఉండాలి: "చదువుకోవడానికి టైము చాలట్లేదు", "ఆఫీసుకి రోజూ లేటవుతోంది", "వాకింగ్‌కి వెళ్దామని", "నాకంటూ ఒక గంట కావాలి". ఆ చివరిది గృహిణులు నొక్కుతారు. నొక్కాక ఆ గంట ఎక్కడ దొరుకుతుందో చూపించాలి. ఎలాగూ ఐదింటికి లేచే మనిషికి ఇంకా ముందు లేవమని చెప్తే చివాట్లే.

వయసు, బరువు, ఆరోగ్య సమస్యలు లాంటివి అడిగేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి లాక్కోండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నామో నోటీసు ఇవ్వాలి. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు కూడా ఉండాలి, తెలుగు అందులో ఉంది. 18 ఏళ్ళ లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇంటర్ పిల్లలు ఇలాంటి యాప్‌లు తెగ వేసుకుంటారు కాబట్టి ఇది ఎవరికో సంబంధించిన సంగతి అనుకోవద్దు.

బటన్ల తెలుగు

ఇంగ్లీషు స్క్రీన్లు గీసి చివర్లో అనువాదానికి పంపితే ఏమవుతుందో రెండు ముక్కల్లో చెప్తాను. మొదటిది, "తర్వాత" అనే బటన్. తెలుగులో దానికి రెండు అర్థాలు: తర్వాతి పేజీకి వెళ్ళడం, ఇప్పుడు కాదు తర్వాత చూద్దాం అనడం. పేవాల్ మీద ఆ మాట పెడితే సగంమంది వద్దనుకుని నొక్కుతారు, సగంమంది ముందుకెళ్దామని నొక్కుతారు. ముందుకెళ్ళడానికి "ముందుకు" అనీ, వద్దనడానికి "ఇప్పుడు వద్దు" అనీ పెట్టండి.

రెండోది "సబ్‌స్క్రైబ్". మన జనానికి ఈ మాట యూట్యూబ్ నేర్పింది. వంటల ఛానెల్ అక్క రోజూ చెప్తుంది, "సబ్‌స్క్రైబ్ చేసుకోండి, గంట కొట్టండి" అని. అది పూర్తిగా ఫ్రీ. అలాంటప్పుడు మీ బటన్ మీద ఒట్టి "సబ్‌స్క్రైబ్" అని ఉంటే డబ్బు సంగతి తట్టని మనిషిని తప్పుపట్టలేం. బటన్ మీదే రాయండి: "7 రోజులు ఫ్రీ, తర్వాత ఏడాదికి ₹899".

ఇంకో చిన్న మాట. తెలుగు అక్షరాలకి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషు కొలతతో కట్టిన బటన్‌లో వత్తులు తెగిపోతాయి. పెద్దవాళ్ళు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుంటారు కూడా, ఆ సెట్టింగుతో ఒకసారి పేవాల్ తెరిచి చూడండి. ధర ఉన్న లైనే స్క్రీన్ కిందకి జారిపోయి కనబడకపోవచ్చు.

"మీ ప్లాన్ తయారవుతోంది…"

ప్రశ్నలు అయ్యాక ఒక చక్రం తిరుగుతుంది, శాతాలు పెరుగుతాయి, మధ్యలో ఎవరో ఇచ్చిన ఐదు నక్షత్రాల రివ్యూ ఒకటి మెరుస్తుంది. నిజానికి చాలా యాప్‌లలో అక్కడ జరిగేది ఏమీ లేదు, ప్లాన్ అరక్షణంలోనే సిద్ధమైపోయి ఉంటుంది.

దీని వెనకున్న సంగతిని హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన రయన్ బ్యూల్, మైఖేల్ నార్టన్ 2011లో ఒక పరిశోధనలో చూపించారు. ప్రయాణ టికెట్లు వెతికే సైటు తాను ఏయే చోట్ల వెతుకుతోందో కనబడేలా చూపిస్తే, జనం ఎక్కువసేపు ఆగాల్సి వచ్చినా ఆ సైటుకే విలువ ఎక్కువ ఇచ్చారు. పని జరగడం కళ్ళకి కనబడితే గౌరవం పెరుగుతుంది. దోసె మన ముందే పెనం మీద పోస్తే పది నిమిషాలు ఆగడానికి అభ్యంతరం ఉండదు కదా.

కాబట్టి ఆ స్క్రీన్ పెట్టుకోండి, కానీ అందులో నిజం రాయండి. "మీరు 6:00కి లేవాలన్నారు. ఇప్పుడు 8:15కి లేస్తున్నారు. ఒక్కసారే రెండుంబావు గంటలు తగ్గిస్తే నిలవదు, అందుకని రోజుకి 15 నిమిషాల చొప్పున తగ్గిస్తున్నాం. తొమ్మిది రోజులు పడుతుంది." ఇలా ఒక్కో వాక్యం వస్తుంటే మనిషి తన జవాబు తనకే తిరిగి రావడం చూస్తాడు. మూడు నాలుగు సెకన్లు చాలు. ఉత్తుత్తి శాతాల చక్రం పదిహేను సెకన్లు తిప్పితే మొదటిసారి నమ్ముతాడేమో గానీ, ఫోన్ మార్చి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అదే చక్రం చూసి నవ్వుకుంటాడు.

ఎంత మాట ఇవ్వాలి

ప్లాన్ స్క్రీన్ మీద "21 రోజుల్లో కొత్త మీరు!" అని రాయాలని మార్కెటింగ్‌వాళ్ళు పట్టుబడతారు. వద్దనడానికి మీ చేతిలో ఉండాల్సిన లెక్క ఇది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ఫలితాలు అచ్చువేసింది. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టీ, పనిని బట్టీ 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని అంచనా కట్టారు. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పడటం పెద్దగా దెబ్బతినలేదని కూడా వాళ్ళే తేల్చారు.

దీంట్లో మీ వ్యాపారానికి పనికొచ్చేది కూడా ఉంది. అలవాటుకి రెండు నెలలు పైగా పడుతుందని నిజాయితీగా చెప్తే, వారం ట్రయల్ తర్వాత కూడా యాప్ ఎందుకు ఉంచుకోవాలో యూజర్‌కి మీరు వేరే చెప్పక్కర్లేదు. 21 రోజులని చెప్పారనుకోండి, ఇరవై రెండో రోజు అలారం ఆపేసి పడుకున్న మనిషి తప్పు తనదో యాప్‌దో అర్థంకాక అలవాటునీ యాప్‌నీ రెండిటినీ వదిలేస్తాడు. ఒక రోజు తప్పితే వరసగా చేసిన రోజుల గొలుసంతా తెగిపోయినట్టు చూపించి, దాన్ని అతికించడానికి డబ్బులు అడిగే యాప్‌ల మీద నాకు సదభిప్రాయం లేదు.

ముందే కొంత దూరం వచ్చేశామన్న భావన మాత్రం బాగా పనిచేస్తుంది. నూనెస్, డ్రెజ్ అనే పరిశోధకులు 2006లో కారు కడిగే చోట రెండు రకాల కార్డులు పంచారు. ఒకదానిలో 8 ముద్రలు పడాలి, ఇంకోదానిలో 10 పడాలి గానీ 2 ముందే వేసి ఇచ్చారు. పని రెండిట్లోనూ ఒకటే. మొదటి రకం తీసుకున్నవాళ్ళలో 19 శాతం, రెండో రకంలో 34 శాతం పూర్తిచేశారు. మీరు దొంగ ముద్రలు వేయనక్కర్లేదు. లేచే టైము పెట్టడం, రాత్రి ఫోన్ పెట్టేసే గంట నిర్ణయించడం నిజంగా మొదటి రెండు పనులే. ప్లాన్‌లో వాటికి టిక్ పెట్టి చూపించండి.

అనుమతుల గురించి ఎక్కువ చెప్పను. నోటిఫికేషన్ అనుమతి ఐఫోన్‌లో ఎప్పటినుంచో అడగాలి, ఆండ్రాయిడ్ 13 నుంచి అక్కడ కూడా అడగాలి. యాప్ తెరవగానే అడిగితే వేలు దానంతటదే "వద్దు" మీదకి పోతుంది, ఐఫోన్‌లో ఒకసారి వద్దన్నాక మళ్ళీ ఆ పెట్టె మీరు చూపించలేరు. రాత్రి ఫోన్ పెట్టేసే టైము నిర్ణయించిన మరుక్షణం "10:30కి గుర్తుచేయమంటారా?" అని అడగండి. ఇంకా ఏమీ వాడకముందే ఐదు నక్షత్రాలు ఇవ్వమని అడగడం మాత్రం చేయకండి, పెళ్ళిచూపుల్లోనే కట్నం లెక్కపెట్టినట్టు ఉంటుంది.

పేవాల్

ఇప్పుడు అసలు స్క్రీన్. ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న. ప్లాన్ చూపించిన వెంటనే పెట్టండి. ఆసక్తి అక్కడే ఎక్కువగా ఉంటుంది, దాన్ని దాచుకునేందుకు కారణం లేదు. కానీ పై మూలలో క్రాస్ గుర్తు మొదటి క్షణం నుంచే కనబడాలి. ఐదు సెకన్ల తర్వాత లేత బూడిదరంగులో మెల్లగా తేలే క్రాస్ చూసి యూజర్ ఏమనుకుంటాడో మీకూ తెలుసు, మీరూ యూజరే కదా.

స్క్రీన్ మీద పైనుంచి కిందకి ఇలా పేర్చండి. పైన అతని మాటే: "6:00కి లేవడానికి మీ ప్లాన్ సిద్ధం". దాని కింద కట్టినవాళ్ళకి దొరికేవి మూడే మూడు, ప్రశ్నలకి ఇచ్చిన జవాబులను బట్టి ఎంచినవి. కుర్రాడికి చదువు గంటలు, అమ్మాయికి షిఫ్ట్ మార్పులు. పన్నెండు ఫీచర్ల పట్టిక ఎవరూ చదవరు. దాని కింద తేదీలు.

ఈ తేదీల వరస పుస్తకాల సారాంశాలు ఇచ్చే బ్లింకిస్ట్ యాప్ వల్ల బాగా పేరు తెచ్చుకుంది. ట్రయల్ ఎలా నడుస్తుంది, ఏ రోజు గుర్తుచేస్తాం, ఏ రోజు డబ్బు కట్ అవుతుంది అని ఒక నిలువు గీత మీద చూపించారు. అలా మార్చాక ట్రయల్ మొదలుపెట్టేవాళ్ళు 23 శాతం పెరిగారని, ఫిర్యాదులు 55 శాతం తగ్గాయని ఆ సంస్థవాళ్ళు చెప్పారు. భయపడుతున్న విషయాన్ని మనమే ముందుగా చెప్పేస్తే భయం తగ్గుతుంది, అంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదు.

మీ యాప్‌లో "5వ రోజు, 7వ రోజు" అని రాయకండి. ఏ రోజు నుంచి ఐదో రోజన్నది ఎవరికీ గుర్తుండదు. మార్చి 7న మొదలుపెట్టాడనుకోండి: "ఇవాళ: ₹0, అన్నీ తెరుచుకుంటాయి. మార్చి 12, గురువారం: మేము గుర్తుచేస్తాం. మార్చి 14, శనివారం: ₹899 కట్ అవుతుంది. ఈలోపు మానేస్తే ఏమీ కట్ అవదు." గురువారమే ఎందుకంటే యాపిల్ లెక్కలో ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందు క్యాన్సిల్ చేయాలి. మన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఆటో డెబిట్‌కి 24 గంటల ముందు కస్టమర్‌కి నోటీసు వెళ్ళాలి, 2021 అక్టోబరు 1 నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. బ్యాంకు మెసేజ్ చూసి తెలుసుకున్న మనిషికి మీ మీద అనుమానం పుడుతుంది. మీ మెసేజ్ దానికన్నా ఒక రోజు ముందు చేరాలి.

ధర పక్కన జరిగే మాయ ఒకటుంది. "రోజుకి ₹2.46 మాత్రమే, టీ కన్నా చవక!" అని పెద్దక్షరాల్లో, ₹899 అని చీమంత అక్షరాల్లో. యాపిల్ నియమమే చెప్తోంది, నిజంగా కట్ అయ్యే మొత్తమే స్క్రీన్ మీద అన్ని ధరలకన్నా ప్రస్ఫుటంగా ఉండాలని. రోజువారీ లెక్క కింద చిన్నగా పెట్టుకోవచ్చు. టీకొట్టు దగ్గర ఏడాది టీ డబ్బులు ఒకేసారి ఎవరూ కట్టరు కాబట్టి ఆ పోలిక నాకెప్పుడూ అతకదు.

మన దేశంలో ఇంకో రకం కూడా నడుస్తోంది, "₹1కే ట్రయల్". యూపీఐ పిన్ కొట్టేటప్పుడు కళ్ళు ఆ ఒక్క రూపాయి మీదే ఉంటాయి, దాంతోపాటు నెలనెలా వందల రూపాయలు లాగే ఆటోపేకి ఒప్పుకున్న సంగతి కింద ఎక్కడో ఉంటుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. అందులో 13 రకాల మోసపు డిజైన్ల పేర్లున్నాయి. ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ ఇవ్వడానికి పేమెంటు వివరాలు గానీ, ఆటో డెబిట్ అనుమతి గానీ బలవంతంగా తీసుకోవడాన్ని "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" కింద చేర్చారు. మీ లాయరుతో మాట్లాడి మీ ట్రయల్ ఎలా ఉండాలో తేల్చుకోండి. నా మట్టుకు, డబ్బు వివరాలేవీ అడక్కుండా మూడు రోజులు ఫ్రీగా తెరిచి ఉంచే దారి కూడా ఒకటి ఆ స్క్రీన్ మీద ఉండాలంటాను. అటు వెళ్ళినవాళ్ళు తక్కువమందే కట్టొచ్చు, కట్టినవాళ్ళు మాత్రం తెలిసి కడతారు.

అదే జాబితాలో దొంగ తొందర కూడా ఉంది. "ఈ ఆఫర్ ఇంకా 09:59 నిమిషాలే" అని గడియారం పరిగెత్తించి, మర్నాడు మళ్ళీ పదినుంచి మొదలెట్టడం. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం కూడా ఉంది. విమాన టికెట్ దగ్గర ఇన్సూరెన్స్ వద్దంటే "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అనిపించడం వాళ్ళిచ్చిన ఉదాహరణ. మన సొంత బాగు కోసం ఉన్న యాప్‌లలో ఇది ఇంకా పుండు మీద కారం: "వద్దు, నేను ఇలాగే బద్ధకంగా ఉంటాను". పొద్దున లేవలేకపోతున్నానని ముందే కుమిలిపోతున్న మనిషి దగ్గర ఆ మాట నొక్కించడం ఏం పని? "ఇప్పుడు వద్దు" చాలు.

ధరలు రెండే పెట్టండి, నెలది, ఏడాదిది. ₹149 చొప్పున ఏడాదికి ₹1,788 అవుతుంది, ₹899 అంటే దాదాపు సగం. ఆ సంగతి ఒక లైనులో చెప్తే చాలు. వారం ప్లాన్ పెట్టకండి. చూడ్డానికి చిన్న మొత్తం, మర్చిపోతే ఏడాదిలో యాభై రెండు సార్లు కట్ అవుతుంది.

క్రాస్ నొక్కినవాడికి

క్రాస్ నొక్కగానే "ఆగండి! మీకు మాత్రమే ₹499!" అని ఇంకో స్క్రీన్ ఎక్కించడం చాలా యాప్‌లలో చూస్తున్నాం. లెక్కల్లో ఇది గెలుస్తుంది, అందుకే అందరూ పెడుతున్నారు. సుల్తాన్ బజార్‌లో బేరమాడితే తప్పు లేదు, అక్కడికి వెళ్ళే ప్రతివాళ్ళకీ బేరం ఉంటుందని తెలుసు. మీ యాప్‌లో మాత్రం మొదటి ధర నమ్మి ₹899 కట్టినవాడే నష్టపోతాడు, రూమ్మేటుకి ₹499కే వచ్చిందని సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. పైన చెప్పిన మార్గదర్శకాల్లో కూడా, మూసేయడానికి ఉన్న క్రాస్ నొక్కితే ఇంకో ప్రకటన తెరుచుకోవడాన్ని తప్పుడు డిజైన్‌కి ఉదాహరణగా ఇచ్చారు.

క్రాస్ నొక్కితే యాప్ లోపలికి తీసుకెళ్ళండి. రేపటి అలారం, రాత్రి గంట, మొదటి మూడు రోజుల ప్లాన్ ఫ్రీగా పనిచేయనివ్వండి. మళ్ళీ పేవాల్ చూపించడానికి మంచి సమయం ఒకటుంది: అతను మొదటిసారి అనుకున్న టైముకి లేచిన పొద్దున. ఆ రోజు మీరు అమ్మక్కర్లేదు, అడిగితే చాలు.

మానేసే దారి

దీన్ని ఆఖర్న కాకుండా పేవాల్‌తోపాటే గీయండి. నూమ్ సంస్థ మీద ఆటో రెన్యువల్, క్యాన్సిలేషన్ విషయంలో అమెరికాలో ఉమ్మడి దావా పడితే, 2022లో 5.6 కోట్ల డాలర్ల నగదు, మరో 60 లక్షల డాలర్ల విలువైన సబ్‌స్క్రిప్షన్లు ఇచ్చేలా రాజీ కుదిరింది. అంత పెద్ద ప్రశ్నావళి గీయగలిగినవాళ్ళకి ఒక క్యాన్సిల్ బటన్ గీయడం ఎంతసేపు!

సెట్టింగ్స్‌లో మొదటి తెరలోనే "సబ్‌స్క్రిప్షన్ మానేయండి" అని ఉండాలి. నొక్కితే నేరుగా స్టోరులోని ఆ పేజీకే తీసుకెళ్ళాలి. తనంతట తాను వెతుక్కోవాలంటే దారి ఇలా ఉంటుంది: ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో పైన తన పేరు నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళాలి. మా పెదనాన్నగారి కోసం ఇది అచ్చం ఇలాగే వాట్సాప్‌లో రాసి పంపాను.

"యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు" అన్న వాక్యం ట్రయల్ మొదలైన రోజు వచ్చే మెసేజ్‌లోనూ, గుర్తుచేసే మెసేజ్‌లోనూ ఉండాలి. ఇది రాస్తే క్యాన్సిళ్ళు పెరుగుతాయని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. పెరుగుతాయి. వాళ్ళు ఎలాగూ రీఫండ్ అడిగేవాళ్ళో, ఒక నక్షత్రం ఇచ్చి బూతులు రాసేవాళ్ళో.

లెక్క చూసుకోవడం

ట్రయల్ మొదలుపెట్టినవాళ్ళ సంఖ్య ఒక్కటే చూసి సంబరపడే టీములు నేను చూశాను, ఒకప్పుడు మేమూ అంతే. రెండు పేవాల్‌లని చెరి కొందరికి చూపించి పోటీ పెట్టినప్పుడు మరో మూడు అంకెలు పక్కన పెట్టుకోండి: డబ్బు కట్ అయిన వారంలో రీఫండ్ అడిగినవాళ్ళు, కట్టాక పదో రోజున కూడా అలారం వాడుతున్నవాళ్ళు, రెండోసారి రెన్యువల్ అయినవాళ్ళు. ఏడాది ప్లాన్‌కి మూడోది తెలియడానికి ఏడాది ఆగాలి, అందుకని నెల ప్లాన్ తీసుకున్నవాళ్ళని దగ్గరగా గమనించండి. ప్లే స్టోర్ రివ్యూల్లో "కట్", "ఫ్రీ అని", "మోసం" అన్న మాటలు వెతకండి, తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనూ.

విడుదలకి ముందు ఇంకొకటి చేయండి, పైసా ఖర్చుండదు. ఆఫీసు బయటివాళ్ళు ఐదుగురిని పట్టుకోండి: వాచ్‌మన్, మీ అత్తయ్యగారు, మెస్‌లో కలిసే కుర్రాడు, ఎవరైనా సరే. పేవాల్ చేతికిచ్చి పది సెకన్లు చూడనివ్వండి, ఫోన్ వెనక్కి తీసుకుని అడగండి: "ఎంత కట్ అవుతుంది? ఎప్పుడు? వద్దనుకుంటే ఏం చేస్తారు?" మూడు ప్రశ్నలే. జవాబులు ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి, సాయం చేయకండి, "అక్కడ రాసుంది కదండీ" అనకండి. ఐదుగురిలో ఇద్దరు "ఫ్రీయే కదా?" అన్నారంటే విడుదల వాయిదా వేసి, ఆ స్క్రీన్ మళ్ళీ గీయండి.